చివరి పేజీ కాక దగ్గరే

ఒమాన్‌లో మా ఇబ్రి బజారులో సాయంత్రం దుకాణాలన్నీ మళ్లీ తెరిచే వేళకి కాక లాండ్రీ షట్టరు మూసి ఉంది. నా చేతిలో మాసిన బట్టల సంచి, సంచి అడుగున నేను చదివేసిన నవల. చదివేసిన అంటున్నాను గానీ చివరి పేజీ తప్ప అని చెప్పాలి. చివరి పేజీ ఎప్పటిలాగే కాక దగ్గరే ఉంది.

పక్క కెఫెటేరియాలో టీ పోసే మలయాళీ నన్ను చూసి బయటికొచ్చాడు. "మాలూమ్ నహీ క్యా భాయ్? వో చలా గయా," అన్నాడు. ఎక్కడికి వెళ్లాడని అడిగాను. నిజంగానే అడిగాను. అతను నా మొహం కాసేపు చూసి, మాటలతో లాభం లేదనుకున్నట్టు చెయ్యి గుండె మీద పెట్టుకుని చూపించాడు.

నిన్న పొద్దున జరిగిందట. కాలిన వాసన వచ్చి ఇతను పరిగెత్తుకొచ్చేసరికి కాక ఇస్త్రీ బల్ల పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడట, గోడకి ఆనుకుని, కళ్లు తెరుచుకునే. పెట్టె మాత్రం బల్ల మీద దిష్‌దాషా పైన అలాగే ఉండిపోయింది. ఒమానీలు తొడుక్కునే ఆ పొడుగాటి తెల్లచొక్కా వీపు మీద ఇస్త్రీ పెట్టె అచ్చు నల్లగా పడిందట. మనిషి పోయాడన్న మాట కంటే ఆ మాటే నాకు ముందు తగిలింది. కాక చేతిలో బట్ట కాలడమేమిటి? వేలు తడి చేసుకుని పెట్టె అంచుకి తాకించి, ఆ చుయ్‌మన్న చప్పుడు విని, తల పక్కకి వంచి ఒక క్షణం ఆలోచించి గానీ బట్ట మీద పెట్టేవాడు కాడు ఆయన. "చొక్కా ఎవరిది?" అని అడిగాను. చావు కబురు విన్నవాడు అడగాల్సిన మాటేనా అది!

ఆయన్ని అందరూ కాక అనేవాళ్లు. జగిత్యాల వైపు నుంచి పనికొచ్చినవాళ్లు వరస కలిపి కాక అంటుంటే, కోస్తా నుంచి వచ్చిన నేనూ అదే అందుకున్నాను. మా అమ్మాయికి ఇస్త్రీ తాత. ఆయనకి ఇంకో పేరుందని, శవాన్ని ఊరికి పంపే కాగితాల మీద చూసేదాకా నాకు తెలియదు. ఎవరో పక్కింటాయన పేరులా ఉంది.

ఇబ్రిలో ఇస్త్రీ షాపులకి కొదవ లేదు. కాక షాపులో మాత్రం బట్టలతో పాటు చదువుకోవడానికి కూడా ఏదో ఒకటి వచ్చేది. మడతపెట్టిన చొక్కాల మధ్య, అట్టముక్క ఉండాల్సిన చోట, వారపత్రికల్లోంచి చింపి కుట్టిన సీరియలో, పిల్లల మాసపత్రికో, వ్యవసాయం పుస్తకమో, ఆదివారం అనుబంధంలో వంటల పేజీయో ఉండేది. లీవుకి వెళ్లొచ్చేవాళ్లు రూములో అందరికీ పచ్చళ్లు, సకినాలు తెస్తారు కదా, ఆ సీసాలకి చుట్టిన పేపర్లు కాకవి. "సీస నీకు, పేపరు నాకు" అనేవాడు. నూనె మరకలతో, ముడతలతో వచ్చిన కాగితం మీద పల్చటి తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేసేవాడు. మా ఇబ్రిలో చదివిన తెలుగు సాహిత్యానికంతటికీ కొంచెం గంజి వాసన, కొంచెం ఆవకాయ వాసన ఉండేవి.

ఫోన్లో సమస్తం దొరికే రోజుల్లో ఇదేం పిచ్చి అని మొదట్లో నవ్వుకున్నాను. కానీ డ్యూటీ దిగి, రూములో ఫోను చూసీ చూసీ కళ్లు మండిపోయినవాడు కూడా, చొక్కా విప్పితే జారిపడిన కాగితాన్ని వంగి తీసుకునేవాడు. వంగి తీసుకున్నాక ఒక లైనైనా చదవకుండా ఉండటం కష్టం.

ఎవరికి ఏది అన్నది మన ఇష్టం కాదు, ఆయన ఇష్టం. క్రేన్ నడిపే రాజేశం ఉన్నాడు, బండంత మనిషి, గుబురు మీసాలు. ఆయనకి కుందేళ్ల కథలు వచ్చేవి. ఎనిమిదేళ్ల మా అమ్మాయికి వేరుశనగ తెగుళ్ల మీద వ్యాసం వచ్చింది. అది దాన్ని శ్రద్ధగా చదివి, వాళ్లమ్మ పల్లీలు వేయిస్తుంటే పక్కన నిలబడి వారం రోజులు ప్రాణం తీసింది. ఒకసారి నాకు బొమ్మల కథ వస్తే వెళ్లి దెబ్బలాడాను.

"నవల అడిగాను కదా కాకా, ఇదేమిటి?"

"నవల సదివే మొకం లేదు నీకీ వారం. అంగీ జేబుల తలనొప్పి గోళీల కాయిదం దొరికింది. బొమ్మలు జూడు, అల్కగుంటది."

మనుషుల్ని ఆయన చూసేది జేబుల్లో, కాలర్లలో, చేతుల మడతల్లో. కోపంతో తిరిగేవాడి కాలరు వేరేగా మాసిపోతుందని వాదించేవాడు. నేను నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. కానీ నా చొక్కా చేతికి తీసుకుని "ఏమైందే?" అని ఆయన అడిగినప్పుడల్లా నిజంగానే ఏదో ఒకటి అయి ఉండేది.

ఇక ఆ చివరి పేజీ సంగతి. ఏ కథైనా సరే, చివరి కాగితం తీసి దాచుకుని మిగతాది ఇచ్చేవాడు. చదవడం అయ్యాక షాపుకి వెళ్తే, బల్ల ముందు నిలబెట్టి, పెట్టె నడుపుతూ, ముగింపు నోటితో చెప్పేవాడు. చెబుతున్నప్పుడు మన మొహం చూడడు, బట్ట మీదే చూపు. అసలు ఘట్టం దగ్గర పెట్టె ఆపి, పక్కన నిలబెట్టి, నుదురు తుడుచుకునేవాడు. మనం ఊపిరి బిగబట్టి నిలబడాలి. కాగితం మాత్రం ఎంత అడిగినా చూపించడు. పుస్తకాలు తిరిగి రావడానికి వేసిన ఎత్తు అది అని అందరం అనుకున్నాం.

నాకు ముగింపు ఎవరో చెబితే ఒళ్లు మండుతుంది. పోయినేడు ఆయనిచ్చిన నవలలో ఒక గుమస్తా ఉన్నాడు. యజమాని నలుగురిలో తీసిపారేసినట్టు మాట్లాడితే, రాజీనామా రాసి జేబులో పెట్టుకుని తిరుగుతుంటాడు. నేనూ ఒక బిల్డింగు కంపెనీలో స్టోరు చూస్తాను. సరిగ్గా ఆ రోజుల్లో నాకూ మేనేజరుకీ పడటం లేదు. అందుకని ఆ పేజీ కోసం పట్టుబట్టాను.

"పేజీ ఇవ్వండి కాకా. నేనే చదువుకుంటాను."

"సదువుడెందుకు, జెప్త గద."

"మీరు చెప్పేది కాదు. రాసినాయన ఏం రాశాడో అది కావాలి నాకు."

"రాసినాయనకు నువ్వెవలో ఎర్కనా?"

"నేనెవరో ఆయనకెందుకు తెలియాలి?"

"మరి నాకెర్క" అని పెట్టె అందుకున్నాడు. గుమస్తా కాగితం జేబులోంచి తీయకుండానే మర్నాడు మామూలుగా పనికి పోతాడట. యజమాని ఎదురుగా నిలబడి, "నిన్న అన్న మాట ఇంకోసారి అనండి సార్, సరిగ్గా వినలేదు" అంటాడట. అది రెండోసారి అనడానికి యజమానికి నోరు రాదట. ఆ ముగింపు నాకు నచ్చింది. నచ్చినందుకే ఇంకా కోపం వచ్చి, మాట్లాడకుండా బట్టలు తీసుకుని వచ్చేశాను. ఉద్యోగం మానలేదు.

కాకని ఊరికి పంపేశాక, శుక్రవారం డ్యూటీ లేదు గనక, పొద్దున అందరం గంగారాం వాళ్ల రూములో చేరాం. గంగారాం షట్టరింగు పనివాడు. కాకది అతని పక్క ఊరే. ఫోన్లోంచి తీయించిన కాక ఫొటో గోడకి ఆనించి, పూలు దొరక్క ఇంత ఖర్జూరం పళ్లెంలో పెట్టారు. ఫొటోలో కూడా కాక ఎవరి చొక్కానో పట్టుకునే ఉన్నాడు.

గంగారామే ముందు మొదలుపెట్టాడు. అతనికి ఊళ్లో అన్న ఉన్నాడు. ఇద్దరికీ ఒక బావి, దాని నీళ్ల దగ్గర తగాదా వచ్చి, ఏళ్లయింది మాటల్లేక. ఇప్పుడు అన్న కూతురి పెళ్లి. పిలుపు లేదు, వాట్సాప్‌లో కార్డు ఫొటో ఒకటి వచ్చింది, కింద ఒక్క మాటైనా లేకుండా. దాన్ని పిలుపనుకోవాలో వద్దో గంగారాంకి తెలియలేదు. ఆ వారమే కాక అతని బట్టల్లో అన్నదమ్ములూ బావీ ఉన్న నవల పెట్టాడట.

"ఆఖరుకు తమ్ముడు పిలువకున్నా పోతడు. బువ్వ యాళ్లకు వోయి కూసుంటడు. ఎవ్వలేమనరు, వదినె కంచం బెడ్తది. గంతే, అన్న పక్కపొంటి కూసోని తింటరిద్దరు. కాక గట్ల జెప్తుంటె నాకు కండ్లల్ల నీళ్లు దిరిగినయ్. తెల్లారి లీవు వెట్టిన. రేపే ఫ్లైటు."

గోడకి ఆనుకుని కూర్చున్న రాజేశం తలెత్తాడు.

"ఏ నవల తమ్మీ? బాయి నవలనేనా? బాయిల మోటరు పంచాయితి ఉంటది, గదే?"

"గదే."

"గండ్ల అన్న సచ్చిపోతడు గదరా!"

రాజేశం వాళ్లన్న రెండేళ్ల కింద పోయాడనీ, కంపెనీ వదలక అతను చివరి చూపుకి పోలేకపోయాడనీ మాకందరికీ తెలుసు. "పాణం వొయ్యేటప్పుడు అన్న అంటడు," అన్నాడు రాజేశం మెల్లగా, "తమ్మున్ని ఎవ్వలేమనకున్రి, ఆడు పనిల ఉన్నడు, అని. కాక నాకు జెప్పిందది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత రూమంతా గోలైంది. ఆ కథ నీకేం చెప్పాడంటే నీకేం చెప్పాడని ఒకరినొకరు అడగడం. ఒకే కథలో ఒకడికి పిల్ల పెళ్లి చేసుకుంది, ఇంకొకడికి చదువుకోవడానికి పోయింది. ఒకడికి తప్పిపోయిన మేక దొరికింది, ఇంకొకడికి మేక ఈనింది కూడా. ఒకతను పగలబడి నవ్వాడు, ఫొటో చూసి సగంలో ఆపేశాడు. ఇన్నేళ్లు మాకందరికీ కథలు చెప్పిన మనిషి ఎవరికీ పుస్తకంలో ఉన్నది చెప్పలేదు! పోయినవాడి మీద కోప్పడాలో ఏడవాలో తెలియక అందరం ఖర్జూరాలు తింటూ కూర్చున్నాం.

గంగారాం ఒక్కడే తినలేదు. "అంటె నాకు జెప్పిందంత ఉత్తదేనా సారూ?" అని నన్ను అడిగాడు. "గది నమ్మే పోతున్న నేను. పిలువని పెండ్లికి." ఖర్జూరం పళ్లెం పక్కకి జరిపి, "నా పేజి దొరుకుతదా? అసల్ది?" అన్నాడు. వెతుకుతానని మాటిచ్చాను. మర్నాడు టాక్సీలో మస్కట్ వెళ్లేముందు మా ఇంటికి వస్తానన్నాడు.

జుమ్మా నమాజు అయ్యాక కాక అర్బాబ్, అంటే ఆ షాపు యజమాని, ముసలాయన, ఎవరి బట్టలు వాళ్లకి ఇచ్చేందుకు షట్టరు తీశాడు. లోపల కొక్కేనికి ఆ కాలిన దిష్‌దాషా వేలాడుతోంది. అది అర్బాబ్‌దేనట. పారేద్దామా అన్నట్టు చెయ్యి చూపిస్తే "ఖల్లీ" అన్నాడు, ఉండనివ్వమని. ఇస్త్రీ అయిపోయిన బట్టల్లో గంగారాం పెళ్లికి వేసుకెళ్లాల్సిన చొక్కా దొరికింది. బల్ల కింద ఒక దిండు గలీబు నిండా కాగితాలు దొరికాయి. అన్నీ చివరి పేజీలే. ఒక్కదాని మీదైనా ముడత లేదు.

ఇంటికి తెచ్చి నేల మీద పరిచాను. మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. మొదట నా గుమస్తా దొరికాడు. ఏముందనుకున్నారు? రాజీనామా యజమాని బల్ల మీద పెట్టి, స్టేషనుకి నడిచి, రైలెక్కి, కిటికీలోంచి ఊరిని చూసి నవ్వుతాడు! నేనేమో ఇంకా ఆ మేనేజరు కిందే పనిచేస్తున్నాను మరి. ఆ పూట కాక ఎదురుగా ఉంటే గట్టిగా అరిచేవాణ్ణి, సందేహం లేదు.

తర్వాత బావి దొరికింది. అది చదివాక అరుపు కూడా పోయింది. అన్నదమ్ములిద్దరూ చెరో గట్టున నిలబడి, నీకు దక్కకూడదంటే నీకు దక్కకూడదని, నీళ్లున్న బావిని మట్టి పోసి పూడ్చేస్తారు. కడవతో వచ్చిన పొరుగింటావిడ చూసి వెనక్కి పోతుంది. కథ అంతే. రేపు పెళ్లికి బయల్దేరుతున్న మనిషికి ఈ కాగితం ఎలా ఇవ్వను?

"బావి కథ పేజీయా నాన్నా అది?" అంది మా అమ్మాయి. "దాంట్లో వాళ్లు అన్నం తింటారు కదా."

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పాను."

పక్క కొట్లో కూరగాయలు ఏరుకున్నంతసేపూ దాన్ని కాక దగ్గర కూర్చోబెట్టేవాణ్ణి. బుద్ధిగా బొమ్మలు చూసుకుంటుందనుకునేవాణ్ణి. ఆ కాసేపట్లో కాక దానికి కథ చెప్పి, నువ్వయితే ఏం జేస్తవు బిడ్డా అని అడిగేవాడట.

"అన్నం తినే టైముకి వెళ్లి కూర్చుంటే ఎవ్వరూ ఏమీ అనరు కదా. పెద్దమ్మ వాళ్లింట్లో అక్కతో పోట్లాడినప్పుడు నేనలాగే చేశా. తాత బాగుందన్నాడు."

అడగకూడదనుకుంటూనే అడిగాను. "మరి గుమస్తా కథ?"

"జేబులో లెటరు పెట్టుకుంటాడు, వాడేనా? ఉద్యోగం మానేస్తే వాళ్ల పాప స్కూలు మారాలి కదా, వద్దన్నాను."

వంటింట్లోంచి నా భార్య నవ్వు వినిపించింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. రచయితని పక్కన పెట్టి, నన్ను పక్కన పెట్టి, మూడో తరగతి పిల్లతో నా కొలువు సంగతి తేల్చేశాడు మహానుభావుడు. "నన్నే అడగొచ్చు కదా" అని పైకే అన్నాను. "పెద్దవాళ్లని అడిగితే కథ పాడుచేస్తారట," అంది అది పేజీలు సర్దుతూ.

శనివారం మధ్యాహ్నం గంగారాం వచ్చాడు. కింద టాక్సీ ఆగి ఉంది. చొక్కా ఇచ్చాను. అందులోంచి మామూలుగా జారాల్సిన కాగితం కోసం మడతలు వేలితో తడిమి చూశాడు, ఏమీ లేదు. "పేజి?" అన్నాడు. ఇవ్వకుండా ఉండలేకపోయాను. ఇన్నాళ్లూ నేను కాకతో పోట్లాడింది అందుకే కదా.

నిలబడే చదివాడు. "పూడ్సిన్రా? నీళ్లున్న బాయిని?" అన్నాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. కింద టాక్సీవాడు హారన్ కొట్టాడు. టికెట్టు గాలికి పోయిందనే అనుకున్నాను నేను.

"ఇది రాసినాయనకు అన్న లేడు గావచ్చు సారూ," అన్నాడు చివరికి.

కాగితం నాకు తిరిగిచ్చి, తలుపు దగ్గర ఆగాడు. "గని కాకకు గూడ అన్న లేకుండె. మరి నాకు జెప్పింది యాడికెల్లి దెచ్చిండు?"

నేను మా అమ్మాయిని చూపించాను. అది నేల మీద పేజీల మధ్య కూర్చుని ఉంది. గంగారాం వెనక్కి వచ్చి దాని ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నువ్వు జెప్పినవా బిడ్డా కాకకు, బువ్వ యాళ్లకు పొమ్మని?"

అది నా వైపు భయంగా చూసి తలూపింది.

"నన్ను పిలువలే బిడ్డా ఆళ్లు. పోతే ఏమన్న అంటరేమో."

"అనరు."

"గట్లనా. మరి ఏం దీస్కవోవాలె?"

అది కాసేపు నిజంగా ఆలోచించింది. "ఏమీ వద్దు మామయ్యా. ఆకలితో వెళ్లండి. ఫ్లైట్లో పెట్టింది తినేయకండి."

గంగారాం దాని తల నిమిరి, లేచి, చొక్కా మడత చెదరకుండా వెంట తెచ్చిన సూట్‌కేసులో అన్నింటికంటే పైన పెట్టుకున్నాడు. అప్పుడే నా భార్య పళ్లెంలో వేడివేడి ఉప్మా తెచ్చి, తిని బయల్దేరమంది. గంగారాం రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"వద్దు చెల్లె. ఆకలి సచ్చిపోతది," అని చెప్పులేసుకున్నాడు.